‘లెగనేను’ అంటే నాకు తెలుసు

విసుగొచ్చేసిందండీ. తప్పు చేసినవాడు పశ్చాత్తాపంతో మొదలుపెట్టాలని నాకూ తెలుసు. కానీ నాకు ముందు వచ్చేది విసుగే. ఇన్నేళ్ళుగా ఒకే బరువు లోపల పెట్టుకుని తిరుగుతున్నాను. దించుకుందామంటే చోటు దొరకలేదు, దొరికిన చోట నోరు పెగల్లేదు. మా చుట్టాల్లో ఎవరింటికి వెళ్ళినా సరే, నేను చెప్పులు విడవక ముందే ఎవరో ఒకరు పిల్లల్ని పిలిచి, “ఇదిగో, అప్పని బతికించిన తమ్ముడు ఈయనే” అని చూపిస్తారు. నేను తల దించుకుంటాను. ఎంత వినయమో అనుకుంటారు. ఆ వినయం అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు ఇలా రాసి చెప్తున్నాను. తెలిసినవాళ్ళయితే సగంలో ఆపి, “పోనిద్దూ, కుర్రతనం” అంటారు. ఆ మాట నాకొద్దు. నేనప్పటికి కుర్రవాణ్ణేం కాదు. మీసాలొచ్చి, ఉద్యోగం చేసుకుంటున్న మనిషిని.

మాది ఉద్దానం. అక్కుపల్లికి దగ్గర, సముద్రపు హోరు ఇంట్లోకి వినిపించే ఊరు. కొబ్బరి తోట, కొంచెం వరి. మా వైపు అక్కని అప్ప అంటాం. మా అమ్మ పోయాక నన్ను పెంచింది మా అప్ప నీలమ్మే. పెళ్ళయి అత్తవారింటికి పోతూ సారెతో పాటు నన్నూ వెంట తీసుకుపోయింది. ఎవరైనా అలా చేస్తారా? అత్తగారు మూతి ముడిచింది. మా బావ మాత్రం బుర్ర గోక్కుని ఊరుకున్నాడు. టెక్కలి బడిలో నన్ను చేర్పించమని ఆయన వెంటపడింది కూడా అప్పే.

ఆ బడిలోనే నాకు ఈ జబ్బు పట్టుకుంది. మొదటి రోజు లేచి నిలబడి, “నానొచ్చీసినాను సారూ” అన్నాను. తరగతంతా నవ్వింది, పంతులుగారితో సహా. నవ్వడానికి అందులో ఏముంది? ఇప్పటికీ నాకు అర్థం కాదు. కానీ ఆ నవ్వు నాలుక మీద కాలినట్టుగా ఉండిపోయింది. సెలవలకి ఊరొచ్చినప్పుడు ఇసుక దిబ్బల మీదకి పోయి, మొగలి పొదలకి ‘చెప్పు, చూడు, చేస్తున్నాను’ అని పాఠం చెప్పేవాణ్ణి. చివరికి నా నోట్లోంచి మా ఊరు పూర్తిగా వెళ్ళిపోయింది. అదో పెద్ద ఘనకార్యం అనుకున్నాను.

తర్వాత కాంపౌండరు పని నేర్చుకుని, రైలు దారిలో ఉన్న ఒక పట్నంలో ఆసుపత్రిలో చేరాను. ఆ పట్నం పేరు చెప్పను. అక్కడ పనిచేసినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఉన్న ఒక్క చెడ్డవాణ్ణీ నేనే. డాక్టరుగారిది కృష్ణా జిల్లా, చదువు చెన్నపట్నంలో. చేరిన రోజున “మీదేవూరు?” అనడిగారు. “కాకినాడండీ” అన్నాను. ఎందుకన్నాను? ఎవరూ బలవంతపెట్టలేదే! నోటికి వచ్చింది, అన్నాను. అన్నాక ఇక దాన్ని మేపుతూ కూర్చోవలసి వచ్చింది. కాకినాడలో లేని మేనమామలు పుట్టుకొచ్చారు నాకు.

ఇంతకంటే సిగ్గుమాలిన సంగతొకటి ఉంది. మా ఆసుపత్రికి ఉద్దానం నుంచి రోగులు వచ్చేవారు. వాళ్ళ మాటని అందరూ వెక్కిరించేవారు, మందులగదిలో టీ తాగుతూ. అందరికంటే బాగా వెక్కిరించేవాణ్ణి నేనే. ఎందుకు రాదు మరి, అది నా భాషే కదా. “ఏటి సేత్తన్నావు మావా” అని నేను రాగం తీస్తే డాక్టరుగారు కూడా కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేవారు.

అలాంటి చోటికి మా అప్ప వచ్చింది.

చలి రోజులు. జ్వరం తగ్గక, మెడ బిగుసుకుపోయి, వెలుతురు చూస్తే ఏడుస్తూ ఉంటే బావ ఆమెని బండి మీద పలాసకి తెచ్చి, రైలెక్కించి తీసుకొచ్చాడు. తమ్ముడున్నాడు కదా అనే ధైర్యంతో వచ్చారు. నేను గేటు దగ్గరే ఎదురుపడ్డాను. ఏం చేశానంటారు? అప్ప నుదుటి మీద చెయ్యి వేసి చూశానా? లేదు. బావని గోడవారకి లాక్కుపోయి, ఇక్కడ నన్ను తమ్ముడనీ బామ్మర్దనీ పిలవొద్దని చెప్పాను. కాంపౌండరు చుట్టాలని తెలిస్తే ఇబ్బంది అని ఏదో కట్టుకథ చెప్పాను.

బావ నోరు తెరిచాడు. “ఏట్రా ఇది? సొంత అప్పని అప్పా అని పిలవనేవా?”

బండరాతికి ఆనుకుని కూర్చున్న అప్ప కళ్ళు తెరవకుండానే, “ఆడికి మంచిదవుతాదంటే పిలవనులే” అంది.

అంతే. గొడవ చేసి ఉంటే బాగుండేది. ఈ ఒప్పుకునే గుణం ఉంది చూశారూ, అది ఎదుటివాణ్ణి పాడుచేస్తుంది. చూడండి, ఇక్కడ కూడా నేను నేరం ఆమె మీదకే తోస్తున్నాను. ఇలాంటి మనిషిని నేను.

డాక్టరుగారు చూసి, వెన్నులోంచి నీరు తీసి చూడాలన్నారు. వెన్నుపూసల మధ్య సన్నటి సూది దించి, లోపలి నీరు గాజు గొట్టంలోకి పడతారు. రోగిని పక్కకి తిప్పి, మోకాళ్ళు గడ్డానికి ఆనేలా వంచి, కదలకుండా పట్టుకోవడం కాంపౌండరు పని. అప్పని అలా పట్టుకున్నాను. ఆమె నా చొక్కా గుండీ దగ్గర మొహం పెట్టి, నాకు ఒక్కడికే వినిపించేలా, “గుంటడా, నొప్పెడతాదేటి?” అంది. మా వైపు మగపిల్లాణ్ణి గుంటడు అంటారు. ఎంత పెద్దవాణ్ణయినా ఆమెకి నేను గుంటణ్ణే. నేనేమన్నానో తెలుసా? “కదలకండమ్మా” అన్నాను. ఎవరో బాటసారితో అన్నట్టు.

నీరు తేటగా ఉంది. భయం లేదన్నారు డాక్టరుగారు. జ్వరం కూడా దిగింది. హమ్మయ్య అనుకున్నాను. బతికినందుకే అనుకున్నానా, త్వరగా వెళ్ళిపోతారనా? రెండూ ఉన్నాయి. ఏది ఎక్కువో చెప్పమని అడక్కండి.

మర్నాడు గంజి తాగడానికి లేచి కూర్చుందో లేదో, తల రెండు చేతులా పట్టుకుని వెనక్కి పడిపోయింది. పడుకోగానే తగ్గింది. మళ్ళీ లేస్తే మళ్ళీ నొప్పి, వాంతి. పడుకుంటే ఏమీ లేదు. ఆ తేడా ఎంత ముఖ్యమో అప్పట్లో నాకు తెలీదు. నిజంగా తెలీదు. కానీ డాక్టరుగారికి చెప్పాల్సిన సంగతి అని మాత్రం తెలుసు. అది తెలియడానికి చదువు అక్కర్లేదు కదా.

డాక్టరుగారు వార్డులోకి వచ్చే వేళకి లేవగలిగినవాళ్ళంతా లేచి కూర్చోవాలి. అది అక్కడి పద్ధతి. ఆ రోజు అందరూ కూర్చున్నారు, అప్ప తప్ప. వెనక నేనున్నాను, నర్సమ్మ ఉంది.

“ఏమ్మా, జ్వరం తగ్గిందిగా. లే” అన్నారాయన.

“లెగనేను బాబూ” అంది అప్ప.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మా వైపు ‘లేదు’ని ‘నేదు’ అంటారు. ‘లేవలేను’ అనాలంటే ‘లెగనేను’ అంటారు. నా చేత కావడం లేదు అని దానర్థం. కృష్ణా జిల్లా చెవికి అది ఎలా వినిపిస్తుందో మీరే అనుకుని చూడండి. లేవను, నేను.

డాక్టరుగారి మొహం ఎర్రబడింది. నా వైపు తిరిగి, “లేవను నేను అంటోందా?” అన్నారు.

ఆయన అడిగారు. సరిగ్గా నన్నే అడిగారు. ఆ మాట అర్థం అక్కడ నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. కాదండీ, లేవలేనంటోంది అంటే అయిపోయేది. అంత చిన్న దిద్దుబాటు. కానీ నీకెలా తెలుసు అంటారేమో! కాకినాడవాడికి ఈ మాట ఎలా తెలిసింది అంటారేమో! మందులగదిలో వెక్కిరించినప్పుడు తెలిసినవాడికి వార్డులో తెలిస్తే తప్పా? అంత బుర్ర కూడా నాకు పనిచెయ్యలేదు. నర్సమ్మ నావైపే చూస్తోంది.

“అవునండీ” అన్నాను.

అప్ప తల కొంచెం నా వైపు తిప్పింది. తర్వాత డాక్టరుగారికే చెప్పుకోబోయింది. “తొంగుంటే ఏటీ నేదు బాబూ. లెగితే సాలు, తల బద్దలయిపోతంది.” గబగబా అంది, మా వాళ్ళు అన్నట్టే, రాగంతో.

“తొంగుంటే ఏమిటి? ఏమంటోంది?”

“పడుకుంటే హాయిగా ఉందటండీ” అన్నాను.

ఒక్క అబద్ధమూ లేదు అందులో. అదే నన్ను ఎక్కువ చంపుతుంది. ఆమె అన్న రెండు ముక్కల్లో మొదటిది చెప్పి రెండోది మింగేశాను. డాక్టరుగారు, “పడుకుంటే హాయిగానే ఉంటుంది, ఇదేమన్నా సత్రమా?” అన్నారు. వార్డులో ఎవరో నవ్వారు. వరండాలో నడిపించమనీ, మర్నాడు ఇంటికి పంపెయ్యమనీ చెప్పి పక్క మంచానికి వెళ్ళిపోయారు.

నడిపించారు. గోడ పట్టుకుని, కళ్ళు మూసుకుని నడిచింది. వరండా చివర కూలబడి వాంతి చేసుకుంది. నాకు జాలి కలగలేదని చెప్తే మీరు నమ్మరేమో, కానీ నాకు కలిగింది కోపం. ఎందుకిలా నా పరువు తీస్తోంది, కాస్త ఓర్చుకోరాదా అని. తలనొప్పి పొడి పొట్లం బావ చేతిలో పెట్టి, “ఇంటికెళ్తే తగ్గిపోతుంది” అన్నాను. స్టేషనుకి కూడా వెళ్ళలేదు. పనుందని చెప్పాను. పనేం లేదు.

ఆ తర్వాతది బావ చెప్పగా విన్నాను. రైల్లో చెక్క బల్ల మీద కూర్చోబెట్టి తీసుకెళ్ళాడు. పలాస నుంచి ఇసుక దారిలో బండి కుదుపులకి ఆమె మొర్రో మొర్రో అని ఏడ్చిందట. ఇంటి దగ్గర మంచం దిగకపోతే అత్తగారు ఆసుపత్రికి పోయి బద్ధకం నేర్చుకొచ్చిందని సాధించింది. మందు వేసినవాళ్ళే ఏమీ లేదని పంపేశారాయె, ఇంకెవరు నమ్ముతారు? ఊళ్ళో ఒకరు గాలి సోకిందన్నారు, ఇంకొకరు నాటకం అన్నారు. ఒకరోజు బావ నీళ్ళచెంబు అందిస్తే, పక్కనున్న గాలిని పట్టుకుందట. రెండు చెంబులు కనిపిస్తున్నాయంది. అప్పటికే ఒక కన్ను ముక్కు వైపు తిరిగిపోయింది.

బావ మళ్ళీ వచ్చాడు, ఒక్కడే. ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి, నేను చెప్పినదంతా గాలికొదిలేసి, ఊరంతా వినేలా అరిచాడు. “ఓరి గుంటడా! మీ అప్ప సచ్చిపోతంది, బేగి రారా!”

వార్డు కిటికీల్లో తలలు కనిపించాయి. డాక్టరుగారు బయటికొచ్చారు. అయిపోయింది అనుకున్నాను. ఆయన నన్నూ బావనీ మార్చి మార్చి చూసి, “మీది ఉద్దానమా? ముందే చెప్పకపోయారా, వీళ్ళ మాట తెలియక నేను నానా అవస్థా పడుతున్నాను. మీరుంటే ఎంత వీలుగా ఉండేది!” అన్నారు. అంతేనండీ. నవ్వలేదు. తిట్టలేదు. సెలవు ఇచ్చి, వెంటనే వెళ్ళమన్నారు. దేన్ని కాపాడుకోవడానికి నేను అంత పని చేశానో, దాని విలువ ఎవరి లెక్కలోనూ చిల్లిగవ్వ కూడా కాదు. ఆ క్షణంలో ఆయన నన్ను వెక్కిరించి ఉంటే నేను కృతజ్ఞుడిగా ఉండేవాణ్ణి.

అప్పుడైనా ఆయనకి నిజం చెప్పి, ఆమెని ఆయన దగ్గరికే తేవచ్చు కదా? తేలేదు. తెస్తే ఆ రోజు ఆమె ఏమందో మళ్ళీ అడుగుతారు. అందుకని ఉత్తరాన, ఇంకా దూరంగా ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. చుట్టాలు చెప్పుకునే వీరగాథ ఇదే. బండిలో గడ్డి పరిచి ఆమెని పడుకోబెట్టడం, పలాసలో రైల్లో పడుకోబెట్టడానికి వీల్లేదన్న గార్డుతో నేను దెబ్బలాడటం, పెట్టె నేల మీద చాప వేసి ఆమె తల కదలకుండా ఒళ్ళో పెట్టుకోవడం, ఆసుపత్రి వాకిట్లో రేపు రమ్మన్న జవానుని తోసుకుని లోపలికి పోవడం. అన్నీ నిజమే. ఆ రోజు అందరి మీదా అరిచాను. గార్డు మీద, జవాను మీద, చుట్ట కాలుస్తున్న బావ మీద. నా మీద నాకున్న కోపమంతా వాళ్ళకి పంచాను.

అక్కడి డాక్టరు పెద్దాయన, ఒడియా ఆయన. తెలుగు కొంచెం వచ్చు. అప్ప మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, నన్ను కాకుండా ఆమెనే అడిగాడు. “పడుకుంటే తగ్గుతుందా, అమ్మా?” తగ్గుతాదంది. ఆయన తలాడించాడు. సూది దిగిన రంధ్రం మూసుకోలేదు, లోపలి నీరు ఊరుతూనే ఉంది, మెదడు కిందికి జారినట్టయి కంటి నరాన్ని లాగేస్తోంది అని నాకు చెప్పాడు. కాళ్ళ వైపు మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టించాడు. తొడలోకి ఉప్పునీరు ఎక్కించాడు. కొబ్బరినీళ్ళు, కాఫీ తాగించమన్నాడు. తల ఎత్తకూడదన్నాడు. అంతే వైద్యం. మొదటి రోజునే పడుకోనిస్తే ఇంత దూరం వచ్చేది కాదట, చాలామందికి ఊరికే పడుకుంటేనే తగ్గిపోతుందట.

తర్వాత ఆయన విసుగ్గా అడిగాడు. “సూది వేసిన చోట ఈవిడ ఈ సంగతి చెప్పలేదా?”

నన్నే చూస్తూ అడిగాడు. దేవుడు నాకు రెండోసారి అవకాశం ఇచ్చాడు. పాపం, ఆయన మాత్రం ఎన్నిసార్లు ఇస్తాడు?

“చెప్పలేదండీ” అన్నాను.

డాక్టరు అప్ప వైపు వంగి, చిన్నపిల్లని కోప్పడినట్టు కోప్పడ్డాడు. “ఎందుకు చెప్పలేదమ్మా? చూడు, ఇప్పుడు కంటి మీదకి వచ్చింది. నోరుంది కదా, చెప్పాలి కదా?”

అప్ప వెల్లకిలా పడుకుని ఉంది. ఒక కన్ను పైకప్పుని చూస్తోంది, రెండోది ఎటో ఉంది. ఏ కంటితో నన్ను చూస్తోందో నాకు తెలియలేదు. “నాకు తెలీనేదు బాబూ. తప్పు నాదే” అంది.

ఆమె నన్ను కాపాడింది. చదువు రాని మనిషి, తల ఎత్తలేని మనిషి, నా అబద్ధాన్ని విని, అర్థం చేసుకుని, తన నెత్తిన వేసుకుంది. నేను పక్కనే నిలబడి ఊరుకున్నాను.

నొప్పి తగ్గింది. ఆమె లేచి తిరిగింది. కన్ను మాత్రం పూర్తిగా చక్కబడలేదు. పీచుతో తాడు పేనేటప్పుడు ఒక కన్ను అరచేత్తో మూసుకుని పోగు చూసుకునేది. ఊళ్ళో పిల్లలు మెల్లకన్ను నీలమ్మ అనేవారు. ఎవరైనా ఏమైందని అడిగితే, “పెద్ద జొరమొచ్చింది, మా గుంటడే బతికించినాడు” అనేది. నాకు వినిపించేలా అనేది. అది ప్రేమా, ఎత్తిపొడుపా? ఎత్తిపొడుపు ఆమెకి రాదు. ఆ సంగతి తెలిసే నాకు ఇంకా ఊపిరాడేది కాదు.

ఒకసారి చెప్పెయ్యాలని కూర్చున్నాను. “అప్పా, ఆ ఆసుపత్రిలో నేను…” అన్నాను. ఆమె పులుసు గిన్నె నా కంచం మీదకి వంచుతూ, “ఆ సంగతెందుకిప్పుడు, తిను” అంది. తిన్నాను. చెప్పనివ్వలేదని ఆమె మీద కొన్నాళ్ళు కోపంగా ఉన్నాను. అసలు సంగతేమిటంటే, చెప్పనివ్వనందుకు ఆ పూట నా ప్రాణం లేచొచ్చింది.

పోయినేడు అప్ప పోయింది. వయసు మీదపడి, మామూలుగానే పోయింది. పెద్దకర్మ నాడు బంతిలో మళ్ళీ అదే కథ. గార్డుతో దెబ్బలాట, రైలు నేల మీద చాప. మా బావ ముసలివాడైపోయాడు, చెవులు సరిగా వినిపించవు. ఆయనే అందరికీ చెప్పాడు. “ఇలాటి తమ్ముడు ఏ ఆడదానికి దొరుకుతాడు సెప్పండి” అంటూ నా విస్తట్లో చేత్తో బూరె వేశాడు. నేను అప్పుడు చెప్పి ఉండొచ్చు. బంతిలో అంతమంది ఉన్నారు, చెప్పడానికి అంతకంటే మంచి చోటు లేదు. ఆ బూరె తిన్నాను.

నేను ఏదీ మరిచిపోలేదు. ఆమె కన్ను పాడైంది చెడ్డ డాక్టరు చేతిలో పడి కాదు. ఆయన అడగాల్సిన మనిషినే అడిగాడు. ఆమె చెప్పాల్సిన మాటే చెప్పింది. మధ్యలో నేనున్నాను. మా అప్ప కన్ను పాడుచేసింది నేను. ఆ తప్పు ఆమె చేతే ఒప్పించిందీ నేనే.

క్షమించమని అడగడం లేదు. క్షమించగలిగిన మనిషి అడక్కుండానే క్షమించేసి వెళ్ళిపోయింది, ఆ క్షమని ఏం చేసుకోవాలో నాకు తెలియడం లేదు. మీకు చెప్పినంత మాత్రాన ఆమెకి చెప్పినట్టు కాదు. అయినా ఇది రాస్తుంటే గుండెల మీంచి ఏదో దిగినట్టుంది, ఈ పూట తేలిగ్గా ఉంది. నాకు ఆ తేలిక మీద కూడా కోపంగానే ఉంది.